యుద్ధమే వస్తే మన రామప్ప, ఖిలా వరంగల్ సంగతి ఏంటి?

హన్మకొండ పోరడు అడిగింది:

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాను. సెలవు రోజుల్లో స్కూలు పిల్లలకు ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి చూపించే గ్రూపుతో తిరుగుతుంటాను. 2025 మే నెలలో హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు కదా, అప్పటి నుంచి మనసులో ఒకటే నలుగుతోంది. మనుషులు ఎక్కడ తలదాచుకోవాలి, లైట్లు ఎప్పుడు ఆర్పాలి అన్నీ చెప్పారు, చెప్పాల్సిందే. మరి గుళ్ళు, మ్యూజియంలు, పాత లైబ్రరీల్లోని తాళపత్రాలు, వీటి సంగతి ఎవరు చూస్తారు?

సరిహద్దు మనకు దూరం కదా అంటారు. ఇప్పటి డ్రోన్లకు, క్షిపణులకు అదొక దూరమా? పైగా ఈ ఊరు యుద్ధం చూడనిది కాదు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేన కోటను గెలిచాక స్వయంభూ గుడి ఏమైందో అక్కడికి వెళ్తే కళ్ళకు కనిపిస్తుంది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యలో గుడి లేదు, చెక్కిన స్తంభాలూ దూలాలూ విరిగిన నందులూ నేల మీద వరసగా పరిచి ఉన్నాయి. "అన్నా, లోపల గుడి ఎట్ల ఉండేది?" అని పిల్లలు అడుగుతారు. దాని బొమ్మ గీసి దాచినవాళ్ళు ఎవరూ లేరు, నేనేం చెప్పాలి?

అందుకే అడుగుతున్నా. నిజంగా అట్లాంటి రోజు వస్తే ఏం చేస్తారు, వేరే దేశాల్లో ఏం చేశారు, చట్టం ఏమైనా ఉందా, ఉంటే పని చేస్తుందా? మా బాబాయి మాత్రం "మనుషులే పోతుంటే రాళ్ళ గురించి ఏడుస్తావేందిరా" అన్నాడు. ఆ మాటకు కూడా నా దగ్గర సరైన జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత మ్యూజియం మనిషి:

తమ్ముడూ, మ్యూజియంలో చాలా ఏళ్ళు పని చేసి రిటైర్ అయినవాణ్ణి, నాకు తెలిసినంత చెప్తాను, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టు.

ముందు కదిలేవి వేరు, కదలనివి వేరు అని పెట్టుకో. కదిలే వాటికి ఉపాయం పాతదే: ముప్పు రాకముందే తీసి దాచెయ్యడం. పారిస్ లూవ్ర్ మ్యూజియాన్ని 1939 ఆగస్టు 25న "మరమ్మతులు" అని చెప్పి మూసేశారు. అప్పటికి యుద్ధం ఇంకా మొదలవలేదు. కొద్ది రోజుల్లోనే 1,800కు పైగా పెట్టెలు కట్టి లారీల్లో పల్లెటూళ్ళలోని కోటలకు పంపించారు. ఏది ముందు వెళ్ళాలో పెట్టెల మీద రంగు చుక్కలు పెట్టారు, మోనాలిసా పెట్టె మీద మూడు ఎర్ర చుక్కలు. రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో హెర్మిటేజ్ మ్యూజియం వాళ్ళు 1941 జులైలో రెండు రైళ్ళలో పది లక్షలకు పైగా వస్తువులను ఉరల్ కొండల వైపు పంపారు. మూడో రైలుకు కూడా సర్దుతూ ఉండగానే నగరం ముట్టడిలో పడింది, అది కదలలేదు. పెట్టెలు, ప్యాకింగ్ సామాను యుద్ధానికి ముందే సిద్ధం చేసుకున్నారు కాబట్టి ఆ రెండు రైళ్ళయినా దాటాయి. బాంబులు పడ్డాక పెట్టెలు చేయిద్దామంటే వడ్రంగి దొరకడు, చెక్క దొరకదు, లారీలు సైన్యం చేతిలో ఉంటాయి.

ఇవన్నీ వేరే దేశాలవి అనుకోకు. జపాన్ వాళ్ళు 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద బాంబులు వేశారు. ఆ యుద్ధ కాలంలోనే మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారాన్ని తిరుపతికి తరలించారు. మెకంజీ సేకరించిన ప్రతులు, బ్రౌన్ దొర కూర్చిన తెలుగు కావ్యాల ప్రతులు ఉన్న భాండాగారం అది. ఇంకా వెనక్కి పోతే, మన కోట పడిన ఆ 1323లోనే అదే సేన శ్రీరంగం మీదికి పోయింది. వైష్ణవ గురువు పిళ్ళై లోకాచార్యులు, ఆయన శిష్యులు రంగనాథుడి ఉత్సవ విగ్రహాన్ని రహస్యంగా ఊరు దాటించారు. అది చాలా చోట్ల తిరిగి, తిరుమలలో కొంతకాలం ఉండి, 1371లో మళ్ళీ శ్రీరంగం చేరిందని అక్కడి సంప్రదాయం చెప్తుంది. తిరుమలలో రంగనాయకుల మండపం అంటారే, అది ఆ జ్ఞాపకమే.

దాచడంలో అసలు కష్టం చోటు దొరకడం కాదు, నోరు కట్టుకోవడం. బాగ్దాద్ మ్యూజియం మీద 2003 ఏప్రిల్‌లో లూటీ జరిగి సుమారు 15,000 వస్తువులు పోయాయి. అయితే అక్కడి సిబ్బంది కొందరు యుద్ధానికి ముందే గాజు అరల్లోని 8,000కు పైగా వస్తువులను ఒక రహస్య గదికి మార్చి, ఎవరికీ చెప్పబోమని ఖురాన్ మీద ప్రమాణం చేశారు. అవి దక్కాయి. కాబూల్‌లో తిల్యా తెపే అనే చోట పాత సమాధుల్లో దొరికిన బంగారం, 20,000కు పైగా ముక్కలు, సెంట్రల్ బ్యాంక్ నేలమాళిగలో పడి ఉంటే, ఆ సంగతి తెలిసిన కొద్దిమంది ఎన్ని ప్రభుత్వాలు మారినా పెదవి విప్పలేదు. 2004లో పెట్టెలు తెరిస్తే అన్నీ ఉన్నాయి. సిరియాలోని పామైరాలో ఖాలెద్ అల్ అసద్ అనే పెద్దాయన నలభై ఏళ్ళు ఆ శిథిలాలకు కాపలా కాసినవాడు, ఎనభై దాటిన వయసులో 2015 ఆగస్టులో ఆయన్ని చంపేశారు. దాచినవి ఎక్కడున్నాయో చెప్పమని హింసించినా చెప్పలేదంటారు. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఇక కదలనివి. 1942లో తాజ్‌మహల్ గుమ్మటం చుట్టూ వెదురు పరంజా కట్టారు, 1971లో పాలరాయి వెన్నెల్లో మెరవకుండా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మిలన్‌లో లియొనార్డో గోడ చిత్రం ఉన్న భోజనశాల మీద 1943 ఆగస్టులో బాంబు పడింది. హాలు కూలిపోయింది కానీ, ఇసుక బస్తాలు, చట్రాలు అడ్డు పెట్టిన ఆ గోడ నిలబడింది. ఇసుక బస్తాల సంగతిలో ఒక జాగ్రత్త. మన వానల్లో బస్తా నీళ్ళు పీల్చి రాతికి ఆనుకుని కూర్చుంటే శిల్పానికి అదే చేటు. మధ్యలో గాలి ఆడేట్టు చట్రం వేసి పేర్చాలి. రామప్పలో నల్లరాతి మదనికలకు ఇట్లా అడ్డు కట్టొచ్చు. నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టిన ఆ శిఖరాన్ని మాత్రం ఏ బస్తా కాపాడలేదు. దానికి ఉన్న రక్షణ ఒక్కటే, ప్రతి అంగుళం కొలతలు తీసి, స్కాన్ చేసి, ఆ రికార్డు నాలుగు చోట్ల ఉంచడం. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం చూశావు కదా, రాళ్ళకు నంబర్లు వేసి విప్పారు, తిరిగి నిలబెట్టడానికి చాలా ఏళ్ళు పట్టి 2024లో తెరిచారు. నంబర్లు ఉన్నాయి కాబట్టే నిలబడింది. నువ్వు అడిగిన స్వయంభూ గుడికి లేనిది అదే.

కాజీపేట జంక్షన్:

సార్ చెప్పినవి బాగున్నాయి కానీ చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకైతే చట్టం మీద పెద్దగా నమ్మకం లేదు. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ పాత పట్టణం 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, అయినా 1991 డిసెంబర్ 6న ఫిరంగి గుండ్లు కురిపించారు. బోస్నియాలోని సారయెవోలో నేషనల్ లైబ్రరీని 1992 ఆగస్టులో తగలబెట్టారు. పుస్తకాలను బయటికి చేరవేస్తూ ఒక లైబ్రేరియన్ ప్రాణం పోగొట్టుకుంది. అఫ్ఘానిస్తాన్‌లో బామియాన్ బుద్ధుల్ని 2001 మార్చిలో లోకమంతా వద్దు వద్దంటుంటే పేల్చేశారు. కాగితం మీద సంతకాలు బాంబును ఆపుతాయా?

వకీలమ్మ, వరంగల్:

ఆపవు తమ్ముడూ, కొన్నిసార్లు ఆపవు. హత్యలు జరుగుతున్నాయని హత్యానేరం సెక్షన్ తీసేయం కదా. కొంచెం వివరంగా చెప్పనివ్వు.

1954లో హేగ్‌లో ఒక ఒప్పందం జరిగింది, యుద్ధంలో సాంస్కృతిక సంపద రక్షణ గురించి. భారతదేశం 1958లోనే దాన్ని ఆమోదించింది. అందులో చాలామంది చదవనిది మూడో అధికరణం: రక్షణ ఏర్పాట్లు శాంతి కాలంలోనే చేసుకోవాలని అది ప్రభుత్వాలకు చెప్తుంది. నాలుగోది రెండు వైపులా కోస్తుంది. శత్రువు మన గుడి మీద దాడి చేయకూడదు, మనం కూడా ఆ గుడినీ దాని చుట్టుపక్కలనూ సైనిక అవసరాలకు వాడకూడదు. ఖిలా గోడల వెనక మనమే ఆయుధాలు పెట్టుకుంటే ఆ రక్షణను మనమే పోగొట్టుకున్నట్టు. "తప్పనిసరి సైనిక అవసరం" అనే మినహాయింపు ఒకటి ఉంది, దాన్ని అడ్డం పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, అది ఈ ఒప్పందంలో పెద్ద లోపమని నా అభిప్రాయం. నీలం, తెలుపు డాలు గుర్తు కూడా ఈ ఒప్పందం నుంచే వచ్చింది. పైనుంచి చూసే పైలట్‌కు, కింద నడిచే సైనికుడికి ఇది ముట్టకూడనిది అని తెలియడానికి ఆ గుర్తు.

నీ పేరు చూస్తే ఇంకొకటి చెప్పాలనిపించింది. ఆ ఒప్పందం ఎనిమిదో అధికరణంలో "ప్రత్యేక రక్షణ" అని ఒకటి ఉంది. అది కావాలంటే ఆ చోటు విమానాశ్రయానికి, ముఖ్యమైన రైల్వే స్టేషన్‌కు, పెద్ద రవాణా మార్గానికి తగినంత దూరంలో ఉండాలి. ఇప్పుడు మన ట్రైసిటీ మ్యాప్ తీసి చూడు. ఒక పక్క కాజీపేట జంక్షన్, మరో పక్క వరంగల్ స్టేషన్, దక్షిణాన మామునూరు రన్‌వే, వీటి నడుమ వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఖిలా. రామప్ప అట్లా కాదు, పాలంపేటలో చెరువు పక్కన, వీటన్నిటికీ దూరంగా ఉంది. కాబట్టి రెండింటికీ ఒకే ప్లాన్ పనికిరాదు. ఊళ్ళో ఉన్నవాటికి అగ్నిమాపక ఏర్పాట్లు, దగ్గర్లో నీళ్ళు, గంటలో చేరుకోగల మనుషుల జాబితా ముందుండాలి.

శిక్షలు కూడా పడ్డాయి. దుబ్రోవ్నిక్ మీద గుండ్లు వేసిన సేనను నడిపిన ఇద్దరు సైనికాధికారులకు అంతర్జాతీయ ట్రిబ్యునల్ జైలు శిక్ష వేసింది. ఆఫ్రికాలో మాలి దేశంలోని టింబక్టులో 2012లో పాత సమాధి మందిరాలను కూలగొట్టించిన అల్ మహ్దీకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో తొమ్మిదేళ్ళ శిక్ష వేసింది. కేవలం కట్టడాల ధ్వంసం మీదనే ఆ కోర్టులో నడిచిన మొదటి కేసు అది. అక్కడి మేస్త్రీలు ఆ మందిరాలను పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టారు. శిక్ష పడితే రాయి తిరిగి రాదు, నిజమే. కానీ రేపు ఆర్డర్ ఇచ్చే అధికారి తన పేరు కూడా ఆ కాగితాల్లో చేరుతుందని ఒక్క క్షణం ఆలోచిస్తే అది తక్కువ లాభం కాదు.

కాజీపేట జంక్షన్:

అక్కా, జంక్షన్ మాట నిజంగా ఎప్పుడూ ఆలోచించలేదు. మా ఇంటి నుంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. ఇప్పుడు కొంచెం టెన్షన్ పట్టుకుంది.

ములుగు టీచరమ్మ:

నేను ములుగు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్తాను. అందరూ రాళ్ళు, పెట్టెలు, చట్టాలు మాట్లాడారు. బాబాయి అడిగిన మాట దగ్గరికి ఎవరూ రాలేదు కాబట్టి నేను వస్తాను.

మేడారంలో విగ్రహం లేదు. రెండేళ్ళకోసారి జాతరకు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో వడ్డెలు, అంటే కోయ పూజారులు, గద్దెకు తీసుకొస్తారు. అక్కడ బాంబు వేసి పగలగొట్టడానికి ఏముంది చెప్పండి? అయినా పోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఆ కథ, ఆ దారి, ఆ తంతు వడ్డెల దగ్గర, పాటలు పాడే కోయ పెద్దల దగ్గర ఉంది. కోయల పడిగెలు చూశారా? గుడ్డ మీద తమ గట్టుల (అంటే గోత్రాల), ఇలవేల్పుల చరిత్ర బొమ్మలుగా కుట్టుకున్న జెండాలు అవి. గుడ్డ ఒకరింట్లో ఉంటుంది, దాన్ని చూసి కథ విప్పి చెప్పేవాడు ఇంకొకడు ఉంటాడు. యుద్ధం వచ్చి ఊళ్ళు ఖాళీ అయి ఈ ఇద్దరూ చెరో క్యాంపులో పడితే గుడ్డ మిగిలినా దాని నోరు పోయినట్టే. చేర్యాల పటాలూ అంతే. పటం మ్యూజియంలో భద్రంగా ఉంటుంది, దాన్ని విప్పి రాత్రంతా కథ చెప్పే కుటుంబం లేకపోతే అది గోడకు వేలాడే బొమ్మ.

అందుకని మనుషులా రాళ్ళా అనే లెక్కను నేను ఒప్పుకోను. ప్రాణం ముందు, ఇందులో వాదన లేదు. ఒక లారీ ఉండి, పక్కన పిల్లలు ఉంటే పిల్లల్నే ఎక్కించాలి. కానీ ఇల్లు వదిలి పారిపోతున్న మనిషి కూడా ఏం పట్టుకుపోతాడో చూడండి. పట్టా కాగితం, అమ్మ ఫొటో, దేవుడి పటం. టింబక్టులో 2012లో తిరుగుబాటుదారులు ఊరు పట్టుకున్నప్పుడు అబ్దెల్ కాదర్ హైదరా అనే లైబ్రరీ ఆయన, ఊళ్ళోని కుటుంబాలు కలిసి, తరాలుగా ఇళ్ళలో ఉన్న చేతిరాత గ్రంథాలను రేకు పెట్టెల్లో సర్ది, గాడిద బండ్ల మీద, కార్లలో, నైజర్ నది పడవల్లో రాజధాని బమాకోకు చేర్చారు. మూడు లక్షలకు పైనే అంటారు. వాళ్ళకు ఆకలి లేకనా, భయం లేకనా? తిరిగి వచ్చాక తాము ఎవరో చెప్పుకోవడానికి అవి కావాలనుకున్నారు. మీ బాబాయికి ఈ సంగతి చెప్పు నాయనా, నెమ్మదిగా, గొడవ పెట్టుకోకుండా.

హన్మకొండ పోరడు:

టీచర్ గారూ, చెప్తాను, నిజంగా థ్యాంక్స్. అందరూ ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు.

ఇంకొక్క మాట. రామప్పకు యునెస్కో పేరు ఉంది, రామప్ప, ఖిలా, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, వాటికి ఎవరో ఒకరు ఉంటారు. మా అమ్మమ్మ ఊళ్ళో చెరువుకట్ట మీద ఒక శాసనం ఉంది, పొలంలో రెండు వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల పేర నిలిపిన రాళ్ళు), మూడు గర్భగుడులున్న పాడుబడ్డ త్రికూటాలయం ఒకటి, ఇట్లాంటివి మన జిల్లాల్లో ప్రతి మండలంలో ఉంటాయి. ఇక్కడే హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి పాత లైబ్రరీలు ఉన్నాయి. వీటికి మాలాంటి వాళ్ళం, చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్ళం, ఏం చేయగలం? ఉత్తగా ఫొటోలు తీస్తే సరిపోతుందా?

పాత మ్యూజియం మనిషి:

సరిపోదు, కానీ మొదలు అదే. ఉక్రెయిన్‌లో ఖెర్సన్ ఆర్ట్ మ్యూజియం నుంచి 2022లో 10,000కు పైగా వస్తువులను లారీల్లో ఎత్తుకుపోయారు. మ్యూజియం వాళ్ళు తమ డిజిటల్ జాబితాను దక్కించుకున్నారు, ఆ తర్వాత క్రిమియా మ్యూజియంలో తీసిన ఫొటోలు, వీడియోలు బయటికి వస్తే, ఇదిగో ఇది మాది, ఇది మాది అని ఒక్కొక్కటీ గుర్తుపట్టారు. మన దగ్గర కూడా, తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజు దొంగల చేతుల మీదుగా ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరితే, పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎప్పుడో గుళ్ళో తీసి పెట్టిన ఫొటో బలమైన సాక్ష్యం అయింది, 2014లో విగ్రహం తిరిగొచ్చింది. ఫొటో లేని విగ్రహం పోతే పోలీసు స్టేషన్లో "నల్లరాతి విగ్రహం, రెండడుగులు" అని రాసుకుంటారు, అట్లాంటివి దేశంలో వేలు ఉంటాయి.

కాబట్టి ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టు, ముందు వెనక రెండు పక్కలా తియ్యి, వీలైతే పీఠం అడుగు కూడా. అన్నిటికంటే ముఖ్యం, పగులు, విరిగిన వేలు, అరిగిన అక్షరం, ఇట్లాంటివి దగ్గర్నుంచి తియ్యి. ఒకే తీరు శిల్పాలు వంద ఉండొచ్చు, ఒకే చోట ఒకే తీరుగా విరిగినవి రెండు ఉండవు. శాసనాన్ని మధ్యాహ్నం ఎండలో తీస్తే అక్షరం కనిపించదు, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో తియ్యాలి. అక్షరాలు తేలడానికి సుద్దముక్క, పసుపు, నూనె పూయొద్దు, చాలామంది మంచి ఉద్దేశంతోనే ఈ పని చేసి రాయిని పాడు చేశారు. కొలతలు, ఏ రాయి, ఎవరి పొలం, ఊళ్ళో దాన్ని ఏమని పిలుస్తారు, దాని మీద ముసలివాళ్ళు చెప్పే కథ ఏంటి, ఇవన్నీ తెలుగులోనే రాసి పెట్టు. టీచరమ్మ చెప్పింది ఇక్కడే పనికొస్తుంది, కథ చెప్పే మనిషి గొంతు కూడా రికార్డు చెయ్యి. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ట్రైపాడ్, డ్రోన్ వాడాలంటే అనుమతి తీసుకోవాలి, మామూలు ఫోన్ ఫొటోలకు ఎవరూ ఏమీ అనరు.

లైబ్రరీ విషయంలో, ముందు వాళ్ళ పుస్తకాల రిజిస్టర్‌ను స్కాన్ చేయనిస్తారేమో అడుగు. పుస్తకాలన్నీ స్కాన్ చేయడం మీ గ్రూపు వల్ల కాదు, రిజిస్టర్ మాత్రం అవుతుంది. ఆ తర్వాత ఎక్కడా దొరకని పుస్తకాలు, పత్రికలు ఏవో అక్కడి పెద్దలతో కూర్చుని గుర్తు పెట్టించు. లూవ్ర్ వాళ్ళ ఎర్ర చుక్కలు అన్నానే, అదే పని. ప్రతులు మూడు ఉంచండి, ఒకటి మీ గ్రూపు హార్డ్ డిస్కులో, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి వేరే ఊళ్ళో నమ్మకమైన మనిషి దగ్గర.

ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. ఊళ్ళోని శాసనాలు, పాడుబడ్డ గుళ్ళ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు సరైన లొకేషన్ పెట్టకండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటోతో పాటు అది కూడా పోతుంది. యుద్ధం సంగతి తర్వాత, మన దగ్గర గుప్తనిధుల కోసం నందుల్ని పెకలించేవాళ్ళు ఇప్పుడే తిరుగుతున్నారు. లొకేషన్ ఉన్న కాపీని జిల్లా పురావస్తు ఆఫీసుకు, ఊరి సర్పంచ్‌కు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. మీ అమ్మమ్మ ఊరి ఫొటోలు తీశాక నాకు మెసేజ్ పెట్టు, వీరగల్లుల మీద ఏముందో చూసి చెప్తాను.